నోటరీ ముద్ర విలువ: అర్హత, పదవీకాలం, మన బాధ్యత



మీరిచ్చే జకాత్, సదఖా, ఫిత్రా సొమ్ము ఎక్కడ ఎలా ఖర్చయిందో ఏటేటా ఈ సంచికలో మీకు లెక్క చెప్పుకుంటున్నాం. ఆ లెక్కల్లో పెద్దగా కనబడని ఖర్చు ఒకటుంది. అది కాగితాల ఖర్చు. స్కాలర్‌షిప్ కోరే విద్యార్థి, పింఛను కోసం తిరిగే వితంతువు, గల్ఫ్‌లో కన్నుమూసిన మనిషి జీతం బకాయి కోసం ఎదురుచూసే కుటుంబం, వీరందరికీ ఎక్కడో ఒకచోట అఫిడవిట్ అవసరం పడుతుంది. అఫిడవిట్ అంటే నోటరీ దగ్గరికి వెళ్ళాల్సిందే.

కిందటి ఏడు మా దగ్గరికి వచ్చిన ఒక చెల్లెమ్మ సంగతి చెబుతాం. భర్త పేరు ఆధార్‌లో 'మహమ్మద్' అని, రేషన్ కార్డులో 'ఎండీ' అని, బ్యాంకు పుస్తకంలో ఇంటి పేరుతో కలిపి మరోలా ఉంది. మూడూ ఒకే మనిషివని చెప్పే అఫిడవిట్ తెమ్మన్నారు. ఆమె స్టాంపు కాగితం కొని, టైపు చేయించి, ముద్ర వేయించుకుని ఇచ్చింది. నెల తర్వాత ఫైలు వెనక్కి వచ్చింది. ముద్ర వేసిన వ్యక్తి నోటరీ సర్టిఫికెట్ గడువు అప్పటికే తీరిపోయిందట. ఖర్చు రెండుసార్లయింది, పింఛను రెండు నెలలు ఆలస్యమైంది. ఇందులో ఆమె తప్పేమీ లేదు. ముద్ర ఒక్కటే కాదు, ముద్ర వేసే మనిషికి ఆ రోజున అధికారం ఉందో లేదో కూడా చూడాలని ఆమెకు ఎవరూ చెప్పలేదు. మేమూ చెప్పలేదు. అందుకే ఈ వ్యాసం.

రాతకు మన ధర్మంలో ఉన్న స్థానం

దివ్య ఖుర్ఆన్‌లో అన్నిటికంటే పొడవైన ఆయత్ అల్ బఖరా సూరాలోని 282వది. అది అప్పు పత్రం గురించి. గడువు పెట్టుకుని అప్పు ఇచ్చిపుచ్చుకునేటప్పుడు రాసుకోవాలని, రాసేవాడు న్యాయంగా రాయాలని, సాక్షులను పెట్టుకోవాలని, రాసేవారికి గానీ సాక్షులకు గానీ హాని చేయకూడదని అందులో ఆదేశం ఉంది. నమ్మకం ఒకటి, రాత ఒకటి అని మన ధర్మం విడదీయలేదు. రాత నమ్మకాన్ని కాపాడుతుందనే చెప్పింది. ఈ రోజుల్లో ఆ రాతకు ప్రభుత్వం తరఫున సాక్షిగా నిలబడే మనిషే నోటరీ.

బ్రిటిష్ కాలంలో మన దేశంలోని నోటరీల్లో చాలామందికి నియామకం ఇంగ్లండ్‌లోని కాంటర్‌బరీ ఆర్చిబిషప్ పరిధిలోని కార్యాలయం నుంచి వచ్చేది. స్వాతంత్ర్యం వచ్చాక ఆ పద్ధతి తీసేసి 1952లో పార్లమెంటు నోటరీల చట్టం చేసింది. అది 1956 ఫిబ్రవరి 14 నుంచి అమలులోకి వచ్చింది. అదే ఏడాది నోటరీల నియమావళి కూడా వచ్చింది. ఈ చట్టం ప్రకారం దేశమంతటికీ గానీ, దేశంలో ఏదైనా భాగానికి గానీ కేంద్ర ప్రభుత్వం నోటరీలను నియమించవచ్చు. తన రాష్ట్రానికి గానీ, రాష్ట్రంలో ఏదైనా భాగానికి గానీ రాష్ట్ర ప్రభుత్వం నియమించవచ్చు. రాష్ట్రానికి ఇంతమందికి మించకూడదన్న పరిమితి కూడా నియమావళిలో ఉంది.

ఎవరు నోటరీ కావచ్చు

నోటరీ అంటే టైపు మిషను పక్కన ముద్ర పెట్టుకుని కూర్చునే మనిషి అని చాలామంది అనుకుంటారు. నియమావళిలోని 3వ నియమం అర్హతలను స్పష్టంగా చెప్పింది.

మొదటి దారి వకాలత్తు. కనీసం 10 ఏళ్ళు న్యాయవాదిగా ప్రాక్టీసు చేసి ఉండాలి. షెడ్యూల్డు కులాలు, తెగలు, ఇతర వెనుకబడిన తరగతులకు చెందినవారికి 7 ఏళ్ళు చాలు. మహిళలకు కూడా 7 ఏళ్ళు చాలు. ఏ కులమైనా, ఏ మతమైనా మహిళ అయితే చాలు, ఈ సడలింపు వర్తిస్తుంది.

రెండో దారి ప్రభుత్వ సర్వీసు. ఇండియన్ లీగల్ సర్వీసు సభ్యులు అర్హులే. కనీసం 10 ఏళ్ళు న్యాయాధికారిగా పనిచేసినవారు, న్యాయవాదిగా నమోదయ్యాక చట్ట పరిజ్ఞానం అవసరమైన ప్రభుత్వ పదవిలో అంతకాలం ఉన్నవారు, సైనిక దళాల న్యాయ విభాగంలో అంతకాలం పనిచేసినవారు కూడా అర్హులే.

మన సముదాయానికి ఇక్కడ ఒక విషయం ముఖ్యం. మన రాష్ట్రంలో వెనుకబడిన తరగతుల జాబితాలో దూదేకుల సోదరులున్నారు, బీసీ-ఈ కింద మరికొన్ని వర్గాలున్నాయి. 7 ఏళ్ళ సడలింపు కోరే న్యాయవాదులు తమ దగ్గరున్న కుల ధ్రువపత్రం ఈ నియమానికి పనికొస్తుందో లేదో దరఖాస్తుకు ముందే కనుక్కోవాలి. రాష్ట్ర జాబితా, కేంద్ర జాబితా ఒకటి కావు.

దరఖాస్తులో మీ సంతకం

న్యాయవాది దరఖాస్తు పెట్టుకున్నంత మాత్రాన నోటరీ అయిపోరు. ఆ దరఖాస్తు మీద ఆయన సంతకంతోపాటు మరి ఐదుగురి సంతకాలు ఉండాలి. ఒక మేజిస్ట్రేటు, ఒక జాతీయ బ్యాంకు మేనేజరు, ఒక వ్యాపారి, ఆయన పనిచేయదలచిన ప్రాంతంలోని ఇద్దరు ప్రముఖులు.

ఈ సంచిక చదివే దాతల్లో మిర్యాలగూడలో రైస్ మిల్లులు నడిపేవారున్నారు. సూర్యాపేట మార్కెట్‌లో కమీషన్ వ్యాపారం చేసేవారున్నారు. కోదాడలో హైవే మీద దుకాణాలున్నవారు, బస్తీలో పదిమందికి పెద్దగా ఉన్నవారు ఉన్నారు. ఆ వ్యాపారి, ఆ ప్రముఖుడు రేపు మీరే కావచ్చు. తెలిసిన వకీలు సాబ్ వచ్చి కాగితం ముందు పెడితే, చాయ్ తాగే లోపల సంతకం పెట్టేయడం మనకు అలవాటు. కానీ చట్టం అడుగుతున్నది మొహమాటపు సంతకం కాదు. ఈ మనిషి ఇక్కడివాడు, నమ్మదగినవాడు, ఇతని చేతికి ముద్ర ఇవ్వవచ్చు అని పదిమంది తరఫున మీరిచ్చే సాక్ష్యం అది. షహాదత్ ఎంత బరువైనదో మీకు మేం చెప్పనక్కరలేదు. మనిషి తెలియకపోతే, తెలిసినా మనసొప్పకపోతే, మర్యాదగా కాదనడమే ధర్మం.

దరఖాస్తు అందాక అభ్యంతరాలుంటే చెప్పమని అధికారులు ప్రకటన ఇవ్వవచ్చు. అప్పుడు ఎవరైనా తమ అభ్యంతరం రాసి పంపవచ్చు. అధికారులు చూసే విషయాలు కూడా నియమావళిలో ఉన్నాయి. అభ్యర్థి ఆ ప్రాంతంలోనే నివసిస్తున్నారా, ఆ ఊరి వ్యాపార ప్రాముఖ్యం ఎంత, అక్కడ ఇప్పటికే ఎందరు నోటరీలున్నారు, మరొకరు అవసరమా, అభ్యర్థికి వాణిజ్య చట్టాల్లో ఎంత అనుభవం ఉంది, వచ్చిన అభ్యంతరాలు ఎలాంటివి అన్నవి పరిశీలిస్తారు. చట్టం నోటరీని ఊరి అవసరంతో ముడిపెట్టిందన్నమాట.

ఎన్నేళ్ళు, ఎంత మేర

నోటరీ పదవి జీవితాంతం ఉండేది కాదు. నియామకంతోపాటు ప్రాక్టీసు సర్టిఫికెట్ ఇస్తారు. మొదట్లో దాని గడువు 3 ఏళ్ళు. 1999 సవరణతో 5 ఏళ్ళయింది. గడువు తీరేలోపు మరో 5 ఏళ్ళకు పునరుద్ధరించుకోవాలి. అందుకు 6 నెలల ముందే దరఖాస్తు పెట్టుకోవాలి. సర్టిఫికెట్ అమలులో లేని వ్యక్తి నోటరీగా పనిచేయడానికి వీల్లేదని చట్టంలోని 9వ సెక్షన్ చెబుతోంది. మా చెల్లెమ్మ ఫైలు వెనక్కి రావడానికి కారణం ఇదే.

ఎన్నిసార్లు పునరుద్ధరించుకోవచ్చన్న పరిమితిని 1952 చట్టం పెట్టలేదు. అందువల్ల ఒకే వ్యక్తి దశాబ్దాల పాటు కొనసాగడం, కొత్తవారికి చోటు దొరకకపోవడం జరుగుతున్నది. దీన్ని సరిచేయడానికి 2021 డిసెంబరులో కేంద్ర న్యాయశాఖ ఒక సవరణ ముసాయిదాను ప్రజల అభిప్రాయం కోసం బయటపెట్టింది. మొదటి 5 ఏళ్ళు, ఆ తర్వాత రెండు పునరుద్ధరణలు, మొత్తం 15 ఏళ్ళు మించకూడదన్నది అందులోని ప్రతిపాదన. యువ న్యాయవాదులకు అవకాశం రావాలన్నది దాని ఉద్దేశం.

గడువు ఎంత ముఖ్యమో హద్దు కూడా అంతే ముఖ్యం. నోటరీ ఎక్కడ పనిచేయాలో సర్టిఫికెట్‌లో రాసి ఉంటుంది. మన మూడు పట్టణాలూ ఒకప్పుడు నల్గొండ జిల్లాలోనివే. 2016 అక్టోబరు 11న కొత్త జిల్లాలు ఏర్పడినప్పుడు సూర్యాపేట, కోదాడ సూర్యాపేట జిల్లాలోకి వచ్చాయి. మిర్యాలగూడ నల్గొండ జిల్లాలోనే ఉండిపోయింది. 2022 జూన్ 2 నుంచి కొత్త జిల్లాలకు వేరే జిల్లా కోర్టులు కూడా వచ్చాయి. మనకు బంధుత్వాలూ వ్యాపారాలూ మూడు ఊళ్ళలో కలిసే ఉన్నా, నోటరీ మాత్రం తన సర్టిఫికెట్‌లో రాసిన ప్రాంతంలోనే పనిచేయాలి. కోదాడ దాటి కొద్ది దూరం పోతే జగ్గయ్యపేట, అంటే ఆంధ్రప్రదేశ్. కోదాడ ప్రాంతానికి తెలంగాణ ప్రభుత్వం నియమించిన నోటరీ అక్కడ బల్ల వేసుకుని కూర్చోవడానికి లేదు. అయితే ఈ హద్దు నోటరీ పనిచేసే చోటికే. సరైన నోటరీ తన ప్రాంతంలో ముద్ర వేసిన కాగితాన్ని ఏ ఊరికైనా తీసుకుపోవచ్చు.

నోటరీ తానే కోరుకున్నా, దివాలా తీసినా, నైతిక పతనానికి సంబంధించిన నేరంలో శిక్ష పడినా, విచారణలో దుష్ప్రవర్తన రుజువైనా, పునరుద్ధరణ చేయించుకోకపోయినా ప్రభుత్వం పేరును రిజిస్టరు నుంచి తొలగించవచ్చు. నోటరీ కాకుండానే నోటరీనని చెప్పుకుంటే అది శిక్షార్హమైన నేరం. ఎవరికైనా అన్యాయం జరిగితే ఆ ఊళ్ళోనే గొడవపడి ఊరుకోకుండా, నియమించిన ప్రభుత్వానికి రాతపూర్వకంగా ఫిర్యాదు చేయాలి. విచారణ జరిపే అధికారం వారిదే.

ఏ పనికి నోటరీ, ఏ పనికి కాదు

పత్రం మీద సంతకం పెట్టింది ఫలానా మనిషేనని ధ్రువీకరించడం, ప్రమాణం చేయించి అఫిడవిట్ తీసుకోవడం, ప్రామిసరీ నోట్లు, హుండీలు చెల్లనప్పుడు దాన్ని నమోదు చేయడం, ఒక భాషలోని పత్రాన్ని మరో భాషలోకి అనువదించడం, చేసిన అనువాదాన్ని సరిచూసి ధ్రువీకరించడం నోటరీ చేసే పనుల్లో ముఖ్యమైనవి. నోటరీ చెప్పేది సంతకం నిజమని మాత్రమే. కాగితంలో రాసిందంతా నిజమని కాదు. ఈ తేడా తెలియకనే మన ఇళ్ళలో మూడు పొరపాట్లు జరుగుతున్నాయి.

మొదటిది నిఖా, తలాక్ కాగితాలు. పెళ్ళి పత్రాలనూ విడాకుల పత్రాలనూ ధ్రువీకరించే అధికారం నోటరీలకు లేదని 2024 అక్టోబరు 10న కేంద్ర న్యాయశాఖ స్పష్టంగా చెప్పింది. నిఖాకు ఖాజీ సాహెబ్ రాసే నిఖానామా ఉంది, పెళ్ళి నమోదుకు వేరే చట్టం ఉంది. ఇక ఒక్కసారే మూడు తలాక్‌లు స్టాంపు కాగితం మీద రాసి ముద్ర వేయించినా 2019 చట్టం ప్రకారం అది చెల్లదు. పైగా ఆ భర్తకు 3 ఏళ్ళ దాకా జైలు పడవచ్చు.

రెండోది ప్లాట్లు. రూ.100, అంతకు మించిన విలువ గల స్థిరాస్తి అమ్మకానికి రిజిస్ట్రేషన్ తప్పనిసరి. నోటరీ కాగితం మీద కొన్న ఇంటికి హక్కు రాదు. జనరల్ పవర్ ఆఫ్ అటార్నీ ద్వారా జరిగే అమ్మకాలతో యాజమాన్యం మారదని 2011లో సుప్రీంకోర్టు తేల్చింది. పట్టణాల్లో నోటరీ కాగితాల మీదే ఇళ్ళున్న పేదలు ఎందరో ఉన్నందువల్లే 2023 జూలైలో రాష్ట్ర ప్రభుత్వం క్రమబద్ధీకరణ కోసం జీవో 84 ఇచ్చింది. అలాంటిది మళ్ళీ వస్తుందిలే అన్న ఆశతో కొత్తగా ఎవరూ నోటరీ మీద స్థలం కొనవద్దని మా మనవి.

మూడోది దాతలుగా మీకు నేరుగా సంబంధించినది, అల్లాహ్ మార్గంలో ఇచ్చే భూమి. హిబా విషయంలో ముస్లిం న్యాయానికి చట్టం మినహాయింపు ఇచ్చింది. ఇస్తున్నానని ప్రకటించడం, తీసుకునేవారు ఒప్పుకోవడం, స్వాధీనం అప్పగించడం, ఈ మూడూ జరిగితే రిజిస్ట్రేషన్ లేని హిబా పత్రం కూడా చెల్లుతుందని మన తెలుగు నేల నుంచే వెళ్ళిన హఫీజా బీబీ కేసులో 2011లో సుప్రీంకోర్టు చెప్పింది. అయితే చెల్లడం వేరు, ముప్పై ఏళ్ళ తర్వాత వారసుల ముందు రుజువు చేయడం వేరు. నోటరీ ముద్ర సంతకానికి సాక్ష్యం అవుతుంది గానీ స్వాధీనానికి కాదు. వక్ఫ్ విషయంలోనైతే 2025 ఏప్రిల్‌లో అమలులోకి వచ్చిన సవరణ ప్రకారం వక్ఫ్‌నామా రాయకుండా కొత్త వక్ఫ్ ఏర్పడదు. అందుచేత మస్జిద్‌కో మదర్సాకో ఖబరస్తాన్‌కో స్థలం ఇవ్వదలచినవారు నోటరీతో ఆపకుండా, రిజిస్ట్రేషన్ చేయించి, సంబంధిత కార్యాలయాల్లో నమోదు కూడా పూర్తి చేయాలి. మీ సదఖా జారియా మీ తర్వాత కూడా జారీగా ఉండాలంటే కాగితం గట్టిగా ఉండాలి.

గల్ఫ్ కుటుంబాలకు

విదేశానికి పంపే కాగితానికి నోటరీ ముద్ర మొదటి మెట్టు మాత్రమే. దాని మీద రాష్ట్ర ప్రభుత్వ ధ్రువీకరణ, ఆపైన విదేశాంగ శాఖ ధ్రువీకరణ ఉండాలి. అపోస్టిల్ ఒప్పందంలో ఉన్న దేశాలకు విదేశాంగ శాఖ ఇచ్చే అపోస్టిల్ సరిపోతుంది. ఒమన్, బహ్రెయిన్ అందులో ఉన్నాయి. సౌదీ అరేబియాకు 2022 డిసెంబరు నుంచి వర్తిస్తోంది. యూఏఈ, ఖతర్, కువైట్ అందులో లేవు కాబట్టి ఆ దేశపు రాయబార కార్యాలయం ముద్ర కూడా కావాలి. మొదటి మెట్టు మీద గడువు తీరిన నోటరీ ముద్ర ఉంటే పై మెట్లన్నీ వృథా. ఇక అక్కడి నుంచి కొడుకు పంపిన పవర్ ఆఫ్ అటార్నీ మన దేశానికి చేరిన 3 నెలల్లోపు ఇక్కడ స్టాంపు వేయించాలన్నది మరిచిపోకూడదు.

ముద్ర వేయించే ముందు

మా ఆఫీసుకు వచ్చేవారికి మేం ఇప్పుడు చెబుతున్న మాటలివి. మీ ఇంటివారికి, మీ దగ్గర పనిచేసేవారికి మీరూ చెప్పండి.

ముందు ఆ పనికి నోటరీ నిజంగా అవసరమా అని కార్యాలయంలోనే అడగండి. సొంత సంతకంతో ధ్రువీకరించిన జిరాక్సు చాలని చెప్పే చోట్లు ఇప్పుడు చాలా ఉన్నాయి.

సంతకం పెట్టాల్సిన మనిషి స్వయంగా వెళ్ళాలి. ఇంట్లో పెట్టిన సంతకానికి బజారులో ముద్ర వేయించడం తప్పు. ఖాళీ కాగితం మీద సంతకం అసలే వద్దు. చదవడం రానివారికి అందులోని విషయం వారి భాషలో చదివి వినిపించాలి.

ముద్ర గుండ్రంగా ఉంటుంది. అందులో నోటరీ పేరు, ప్రాంతం, రిజిస్ట్రేషన్ నంబరు, నియమించిన ప్రభుత్వం పేరు ఉండాలి. కొందరు గడువు తేదీ కూడా పక్కన రాస్తారు. రాయకపోతే అడగండి. అడగడం అవమానించడం కాదు. అమలులో ఉన్న నోటరీల జాబితాను ప్రభుత్వం ఏటా జనవరిలో గెజిట్‌లో ప్రచురించాలని చట్టమే చెబుతోంది.

నోటరీ రిజిస్టరులో మీ పని నమోదు కావాలి. ఆ వరుస నంబరు మీ కాగితం మీదికి రావాలి. ఫీజుల పట్టిక అందరికీ కనిపించేలా పెట్టాలి, తీసుకున్న రుసుముకు రసీదు ఇవ్వాలి. ఇవి మనం అడుక్కునే దయలు కావు, నియమావళిలో రాసి ఉన్నవే.

మా విన్నపం

మన ఇళ్ళలో నిఖానామాలు, వసీయత్‌లు, పాత హిబా కాగితాలు ఎక్కువగా ఉర్దూలోనే ఉన్నాయి. వాటిని చదివి, తెలుగులోకో ఇంగ్లీషులోకో సరిగ్గా అనువదించి, చట్టప్రకారం ధ్రువీకరించగల నోటరీలు మన మూడు పట్టణాల్లో మరికొందరు ఉంటే ఎన్నో కుటుంబాలకు తిప్పలు తప్పుతాయి. వితంతువులూ, భర్తతో తగాదాలో ఉన్న చెల్లెమ్మలూ తమ మాట మగవారి ముందు చెప్పలేక, ఎవరో రాసిన కాగితం మీద వేలిముద్ర వేసి వస్తున్నారు. అక్కడ కుర్చీలో ఒక మహిళ ఉంటే ఆ మాట బయటికి వస్తుంది.

చట్టం మహిళకు 7 ఏళ్ళే అడిగింది. ఈ ఏడు న్యాయశాస్త్రంలో చేరే అమ్మాయి పట్టా పుచ్చుకుని, నల్లకోటు వేసుకుని, ఆ 7 ఏళ్ళు పూర్తిచేసేసరికి మన పిల్లల తరం ఇంకా ఎదుగుతూనే ఉంటుంది. మెడిసిన్‌కీ ఇంజనీరింగ్‌కీ ఫీజు కట్టడానికి మీరెప్పుడూ వెనకాడలేదు. న్యాయశాస్త్రం చదివే అమ్మాయిలకు, అబ్బాయిలకు కూడా మీ సదఖాలో వాటా ఇవ్వండి. చదువు అయ్యాక మొదటి రెండు మూడేళ్ళు సంపాదన లేక వకాలత్తు వదిలేసేవారు చాలామంది. ఆ కాలంలో ఆదుకోవడం మరింత అవసరం. వారు అర్హత సాధించి దరఖాస్తుతో మీ ఇంటి గడప తొక్కిన రోజున, వారి గురించి తెలిసి, మనసారా, ఆ కాగితం మీద వ్యాపారిగానో ఊరి పెద్దగానో మీరు సంతకం పెట్టవచ్చు.

అల్లాహ్ మన రాతల్లో న్యాయాన్ని, మన సాక్ష్యాల్లో నిజాయితీని ప్రసాదించుగాక. మీ దానాలను స్వీకరించుగాక. ఆమీన్.